ఊరి చరిత్రను ఊరి చేతనే చెప్పించడం ఎలా?

తిరుపతి స్టేషన్ బయట ఆటో ఎక్కి తాతయ్యగుంట అనండి, కొర్లగుంట అనండి, గొల్లవానిగుంట అనండి, మల్లయ్యగుంట అనండి. ఎక్కడికైనా తీసుకెళ్తారు. దిగి గుంట కోసం వెతికితే మాత్రం ఎక్కువ చోట్ల ఇళ్ళూ అంగళ్ళే కనబడతాయి. 2021 నవంబరు వానలకు ఊళ్ళోకి నీళ్ళొచ్చినప్పుడు మా బంధువుల ఇంట్లో మోకాటి లోతు నీళ్ళలో నిలబడి ఒక ముసలాయన, "ఇది గుంట కదబ్బా, నీళ్ళు ఈడికి రాక యాడికి పోతాయి" అన్నాడు. అక్కడున్న పదిమందిలో ఆ సంగతి తెలిసింది ఆయనొక్కడికే.

నేను బడిపంతుల్ని. ఆ మాట విన్న తర్వాత మా ఊళ్ళో, ఆ పైన పక్కనున్న రెండు ఊళ్ళలో, స్థానిక చరిత్ర కార్యక్రమాలు నడిపాను. ఒకటి బాగా జరిగింది, ఒకటి ఫరవాలేదు, ఒకటి మధ్యలో ఆగిపోయింది. ఆగిపోయినదాని నుంచే ఎక్కువ నేర్చుకున్నాను. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ఎవరైనా తమ ఊళ్ళో ఇలాంటి పని మొదలుపెట్టాలనుకుంటే ఏం చేయాలో, ఏ క్రమంలో చేయాలో ఇక్కడ రాస్తున్నాను.

కార్యక్రమం అంటే షామియానా వేసి, ముఖ్య అతిథిని పిలిచి, శాలువా కప్పే సభ కాదు. ఊళ్ళోవాళ్ళు తమ ఊరి గురించి తాము అడిగి, వెతికి, రాసుకుని, మళ్ళీ అందరి ముందు పెట్టి తప్పొప్పులు తేల్చుకునే పని. దీనికి మూడు నెలలు పడుతుంది. ఐదారుగురు మనుషులు చాలు.

ముందు ఒక ప్రశ్న

"మా ఊరి చరిత్ర" అని మొదలుపెడితే పని తెమలదు. ఒకే ఒక్క ప్రశ్న పెట్టుకోవాలి. అది రాజుల గురించి కాకుండా ఉంటే మంచిది.

నేను చేసిన మొదటి తప్పు ఇదే. మాది చంద్రగిరికి దగ్గర ఊరు కాబట్టి, విజయనగర రాజుల కాలంలో మా ఊరు ఎలా ఉండేదని అడుగుతూ తిరిగాను. ఎవరిని కదిపినా ఒకటే మాట: "అయ్యన్నీ మాకేం తెలుసు సామీ, సదువుకున్నోళ్ళు మీకే తెలియాల." మర్యాదగా కాఫీ ఇచ్చి పంపించేవాళ్ళు. విసుగొచ్చి ఒకరోజు ఒక అవ్వను, "చెరువుకు మొరవ ముందు యాడుండేది?" అని అడిగాను. మొరవ అంటే చెరువు నిండాక మిగులు నీళ్ళు పొర్లిపోయే దారి. అవ్వ రెండు గంటలు మాట్లాడింది. మొరవ ఎక్కడుండేదో, దాన్ని ఎవరు మార్చారో, మార్చినందుకు ఏ రెండు ఇళ్ళ మధ్య మాటలు ఆగిపోయాయో, చెరువు నీళ్ళు పొలాలకు వదిలే నీరుగంటికి కళ్ళంలో ఎన్ని మానికలు కొలిచేవాళ్ళో, అన్నీ చెప్పింది.

మన పల్లెల్లో చెరువు మంచి ప్రశ్న, ఎందుకంటే అన్ని కులాలకూ అన్ని వాడలకూ దానితో ఏదో ఒక లెక్క ఉంటుంది. టౌనులో అయితే ఒక వీధి, ఒక సినిమా హాలు, ఒక సంత, ఒక బస్టాండు తీసుకోవచ్చు. తిరుపతిలోనే "ఈ గుంట ఎప్పుడు పూడింది?" అన్నది ఒక్కొక్క పేటకు ఒక్కొక్క కార్యక్రమం అవుతుంది. శ్రీకాళహస్తిలో అయితే కలంకారీ గుడ్డలు స్వర్ణముఖిలో ఏ రేవు దగ్గర ఉతికేవాళ్ళు, ఏటిలో నీళ్ళు తగ్గాక ఏం చేశారు అని అడగండి. ఆ పనికి పారే నీళ్ళు కావాలి కాబట్టి ఏటి కథ, పనివాళ్ళ కథ రెండూ ఒకేసారి బయటికొస్తాయి. పుత్తూరు, నగరి వైపు ధర్మరాజుల గుళ్ళున్న ఊళ్ళయితే భారతం ఉత్సవాన్ని పట్టుకోండి. పగలు హరికథ, రాత్రి వీధినాటకం, అర్జునుడు తపస్సు మాను ఎక్కడం, చివర్న మట్టితో చేసిన దుర్యోధనుడి బొమ్మ. వేషం ఎవరిది, మాను ఎవరు తెచ్చేవాళ్ళు, మట్టి ఎక్కడిది, అన్నిటికీ మనుషులున్నారు.

ప్రశ్న సరైనదో కాదో తెలుసుకోవడానికి నేను పెట్టుకున్న పరీక్ష ఒకటే. టీకొట్టు దగ్గర అడగండి. ఇద్దరు రెండు రకాలుగా జవాబు చెప్పి వాదించుకుంటే అది మంచి ప్రశ్న.

జట్టు, అనుమతి, నిధుల అనుమానం

జట్టులో కనీసం ఇద్దరు ఆడవాళ్ళు ఉండాలి. లేకపోతే సగం ఊరు మీతో మాట్లాడదు. ప్రతి వాడ నుంచీ ఒకరు ఉండాలి, ముఖ్యంగా దళితవాడ నుంచి. ఫోను బాగా వాడే కాలేజీ పిల్లలు ఇద్దరు, పాత చేతిరాత చదవగలిగినవాళ్ళు ఒకరు దొరికితే అదృష్టం. పాత అడంగల్‌లో, అంటే ఊరి భూమి లెక్కల పుస్తకంలో, కరణం గొలుసుకట్టు రాత చూస్తే మీకే అర్థమవుతుంది.

పంచాయతీకీ గ్రామ సచివాలయానికీ ఒక కాగితం ఇవ్వండి. అర పేజీ చాలు: ఏం చేస్తున్నాం, ఎవరెవరం, ఎన్నాళ్ళు. ఇది ఫార్మాలిటీ అనుకోవద్దు. మన వైపు గుప్తనిధుల పిచ్చి ఎంతుందో మీకు తెలుసు. పాత నందినీ, వీరుడి జ్ఞాపకంగా నిలిపిన వీరగల్లునూ పగలగొట్టి కింద తవ్విన గుంతలు మీరూ చూసే ఉంటారు. కాబట్టి కొత్త మనిషి రాయిని ఫోటో తీస్తుంటే ఊళ్ళోవాళ్ళకు అనుమానం రావడం సహజం. మమ్మల్ని ఒక ఊళ్ళో గంటసేపు చెట్టు కింద కూర్చోబెట్టారు. వాళ్ళ తప్పేం లేదు, మేమే చెప్పకుండా వెళ్ళాం. పగలే వెళ్ళండి, ఆ ఊరి మనిషిని వెంటబెట్టుకుని వెళ్ళండి. చిన్న గడ్డపార కూడా వద్దు.

తవ్వకం మన పని కానే కాదు. నేలలో పది రూపాయలకు మించిన విలువ ఉన్న నిధి ఏది దొరికినా కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం చెబుతోంది. ఈ సంగతి మొదటి సమావేశంలోనే అందరికీ గట్టిగా చెప్పేస్తే తర్వాత తలనొప్పులు ఉండవు.

కాగితాల వేట

ఇక్కడ చాలామంది తప్పిపోతారు. కారణం, మన ఊరు మొదటి నుంచీ ఇప్పుడున్న జిల్లాలోనే ఉన్నది కాదు. ముందు ఊరి పాత చిరునామా కనుక్కోవాలి.

చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911 ఏప్రిల్ 1న. అంతకుముందు చిత్తూరు, తిరుపతి, పలమనేరు ఉత్తర ఆర్కాటులో ఉండేవి, మదనపల్లె, వాయల్పాడు కడపలో ఉండేవి. ఉత్తర ఆర్కాటుకు ముఖ్య పట్టణం చిత్తూరే. తిరుపతి ఉన్నది చంద్రగిరి తాలూకాలో. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు వైపు పోయింది, సత్యవేడు ఇటు వచ్చింది. అందువల్ల సత్యవేడు పక్క ఊళ్ళ పాత రికార్డులు చెంగల్పట్టు జిల్లా కింద వెతకాలి. 2022 ఏప్రిల్ 4న వచ్చిన తిరుపతి జిల్లాలో గూడూరు, సూళ్ళూరుపేట కలిశాయి కదా, వాటి పాత చిరునామా నెల్లూరు. 1985లో మండలాలు వచ్చేదాకా అన్నీ తాలూకాలే.

రెండో సంగతి, ఊరు రైత్వారీనా, జమీందారీనా? అంటే రైతు శిస్తు నేరుగా ప్రభుత్వానికి కట్టేవాడా, జమీందారుకు కట్టేవాడా? కార్వేటినగరం, శ్రీకాళహస్తి, వెంకటగిరి, పుంగనూరు జమీన్ల కింద ఉన్న ఊళ్ళలో ప్రభుత్వం రాసిన భూమి లెక్కలు ఎక్కువగా 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే మొదలవుతాయి. అక్కడ అడగాల్సింది సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్, అంటే రద్దు తర్వాత ఊరి భూములకు రాసిన లెక్క. రైత్వారీ ఊరైతే రీసెటిల్‌మెంట్ రిజిస్టరు, అంటే రెవెన్యూవాళ్ళు ఆర్‌ఎస్‌ఆర్ అనేది. తహసీల్దారు ఆఫీసులో ఏది అడగాలో తెలియక "పాత రికార్డు కావాలి సార్" అంటే రేపు రండి అంటారు. పేరు పెట్టి అడిగితే పని సగం అయినట్టే.

ఆర్‌ఎస్‌ఆర్‌లో సర్వే నంబర్లు, పొరంబోకులు, ఇనాములు (శిస్తు లేకుండానో తగ్గించో ఇచ్చిన మాన్యాలు), ఏ పొలానికి ఏ చెరువు నీళ్ళు అన్నదీ ఉంటాయి. దాని పక్కన గ్రామ పటం పెట్టుకుని చూస్తే ఇప్పుడు లేని కుంటలు, కాలువలు బయటపడతాయి. మా పిల్లలు పటాన్ని ఫోనులో ఫోటో తీసి, శాటిలైట్ మ్యాపు పక్కన పెట్టి, రెండు కుంటల మీద ఇప్పుడు కాలనీలున్నాయని పది నిమిషాల్లో చెప్పారు.

ఇనాం రిజిస్టరును మాత్రం వదలొద్దు. 1858లో వేసిన ఇనాం కమిషన్ ఒక్కొక్క మాన్యాన్నీ విచారించి రాయించింది. ఎవరికిచ్చారు, ఎందుకిచ్చారు అన్నది అందులో ఉంటుంది. చెరువు ప్రశ్న మీద పనిచేసేవాళ్ళు "దశబంధం" అన్న మాట కోసం చూడాలి. చెరువు తవ్వించినవాళ్ళకు, దాన్ని బాగుచేస్తూ ఉండాలన్న షరతుతో ఇచ్చిన మాన్యం అది. మీ ఊళ్ళో దశబంధం మాన్యం ఉందంటే చెరువు తవ్వించిన ఇంటిపేరు దొరికే అవకాశం ఉంది. అర్చకులు, నీరుగంటి, వెట్టి, మంగలి, చాకలి సర్వీసు ఇనాములు కూడా చదవండి. అప్పటి ఊరిలో ఎవరు ఏ పని చేసి బతికేవాళ్ళో అంత వివరంగా చెప్పే కాగితం ఇంకొకటి నేను చూడలేదు.

శాసనాల కోసం మైసూరులోని పురావస్తు శాఖ శాసన విభాగం దాకా వెంటనే పరిగెత్తక్కర్లేదు. మద్రాసు ప్రెసిడెన్సీలోని శాసనాలను ఊళ్ళవారీగా జాబితా చేసి వి. రంగాచార్య 1919లో మూడు సంపుటాలు వేశారు. నెల్లూరు జిల్లా శాసనాలను బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి 1905లోనే ప్రచురించారు. గూడూరు వైపువాళ్ళకు అది బంగారం. పాత తాలూకా పేరు తెలిస్తే వీటిలో మీ ఊరుందో లేదో గంటలో తేలిపోతుంది. తిరుపతి చుట్టుపక్కల ఊళ్ళకు ఇంకొక అదృష్టం ఉంది. సాధు సుబ్రహ్మణ్య శాస్త్రి మొదలుపెట్టిన తిరుమల తిరుపతి దేవస్థానం శాసన సంపుటాలు చూడండి. విజయనగర కాలంలో భక్తులు స్వామి నైవేద్యానికి డబ్బు కడితే, దాన్ని దేవస్థానం తన ఊళ్ళలో చెరువులు, కాలువలు తవ్వించడానికి వాడి, పెరిగిన పంటతో ఆ నైవేద్యం నడిపేది. అంటే ఇప్పుడు మీ ఊరి బయటున్న చెరువుకూ ఒకనాడు కొండ మీద పెట్టిన ప్రసాదానికీ లెక్క ఉండొచ్చు. ఆ శాసనాల్లో ఎక్కువ భాగం తమిళం. మనవైపు తమిళం వచ్చినవాళ్ళు దొరకడం కష్టమేమీ కాదు కదా.

ఇలా ఊళ్ళు తిరిగి సమాచారం రాయించడం కొత్తేమీ కాదు. రెండు వందల ఏళ్ళ కిందటే ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కర్నల్ మెకంజీ కింద పనిచేసిన కావలి బొర్రయ్య, ఆయన తమ్ముళ్ళు ఊళ్ళ కైఫీయత్తులు, అంటే ఊరి వివరాల రాతలు, సేకరించారు. మద్రాసు ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో అవి ఉన్నాయి. మీ ఊరిది ఉందేమో చూడండి. ఉన్నా ఒక జాగ్రత్త: అందులో మాట్లాడేది ఎక్కువగా కరణాలు, పెద్ద ఇళ్ళవాళ్ళు. వాడల మాట అందులో వినబడదు. అందుకే తర్వాతి పని.

పెద్దవాళ్ళ దగ్గర కూర్చోవడం

మొత్తం కార్యక్రమంలో ఇదే గుండెకాయ. సమయం ఎక్కువ దీనికే పెట్టండి.

మొదటిసారి వెళ్ళినప్పుడు ఫోను జేబులోనే ఉంచండి. ఊరికే కూర్చుని మాట్లాడి రండి. రెండోసారి వెళ్ళినప్పుడు రికార్డు చేయండి. ఆడవాళ్ళు మధ్యాహ్నం రెండు తర్వాత కాస్త తీరిగ్గా ఉంటారు. మగవాళ్ళు పొద్దున, పొలం నుంచి వచ్చాక. ఫ్యాను ఆపించండి, టీవీ ఆపించండి. కుక్కరు విజిల్‌ను మాత్రం ఏం చేయలేం. ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టకపోతే రికార్డింగు మధ్యలో కాల్ వచ్చి ఆగిపోతుంది. నా దగ్గర అలా పోయిన నలభై నిమిషాలు మళ్ళీ దొరకలేదు. ఆ తాత నెల తిరక్కముందే పోయాడు.

రికార్డు మొదలుపెట్టగానే అనుమతి మాట చదివి వినిపించాలి. మేం వాడింది ఇది: "మీరు చెప్పేది మన ఊరి చరిత్ర కోసం రికార్డు చేస్తున్నాము. మీకు ఇష్టం లేని ప్రశ్నకు జవాబు చెప్పక్కర్లేదు. ఎప్పుడైనా ఆపేయమనొచ్చు. దీన్ని అందరికీ వినిపించవచ్చా, మన ఊళ్ళో మాత్రమేనా, పేరు లేకుండానా? మీరే చెప్పండి." జవాబు కూడా రికార్డులోనే ఉంటుంది. సంతకం అడగొద్దు. కాగితం మీద వేలిముద్ర అంటే భూమి గొడవలే గుర్తొస్తాయి చాలామందికి.

ప్రశ్నలు చిన్నవిగా, చోటును పట్టుకుని ఉండాలి. "అప్పట్లో జీవితం ఎలా ఉండేది?" అంటే "కష్టంగా ఉండేది నాయనా" అని ఊరుకుంటారు. "మీరు కాపురానికి వచ్చిన ఏడు నీళ్ళు ఎక్కడినుంచి తెచ్చుకునేవాళ్ళు?" అనండి. "కపిల తోలేటప్పుడు ఏం పాడేవాళ్ళు?" అనండి (కపిల అంటే ఎద్దులతో బావి నీళ్ళు తోడే మోట). "చెరువు నిండితే ముందు ఏ కయ్యకు నీళ్ళు వదిలేవాళ్ళు? ఎవరు చెప్తే వదిలేవాళ్ళు?" అనండి. ఎవరు చెప్తే అన్న ప్రశ్నతో ఊరి పెత్తనం మొత్తం బయటికొస్తుంది. చేతికి ఏదైనా వస్తువు ఇచ్చి అడగడం ఇంకా మంచిది. పాత మానిక, విరిగిన కపిల గిలక, పెళ్ళి ఫోటో.

వాళ్ళు ఆగితే మీరూ ఆగండి. లోపల పది అంకెలు లెక్కపెట్టుకోండి. మనకు మౌనం భరించలేని టెన్షన్ ఉంటుంది, వెంటనే ఇంకో ప్రశ్న వేసేస్తాం. అసలు మాట తరచుగా ఆ మౌనం తర్వాతే వస్తుంది.

భాషను దిద్దకండి. అవ్వ "చెనిక్కాయ" అంటే రాతలో వేరుశనగ చేయొద్దు. "తావ", "జాస్తి", "బిన్నా", "గనిమ" ఇవన్నీ ఆమె మాటలు. మా జట్టులో ఒక పిల్ల అందరి మాటల్నీ పాఠ్యపుస్తకం తెలుగులోకి మార్చి రాసింది. చదువుతుంటే అందరూ ఒకే మనిషిలా వినిపించారు. మళ్ళీ మొదటి నుంచి రాయించాం.

కూర్చునే చోటు గురించి ఒక మాట. అన్ని సమావేశాలూ గుడి ముందు రచ్చబండ మీద పెడితే కొందరు రారు. వచ్చినా కూర్చోరు, దూరంగా నిలబడతారు. రాకపోతే వాళ్ళకు ఆసక్తి లేదని మనం రాసేసుకుంటాం. ప్రతి వాడకూ మీరే వెళ్ళండి. చెరువు పూడిక ఎవరు తీశారు, కట్ట తెగితే రాత్రిపూట ఎవరిని లేపేవాళ్ళు, చాటింపు ఎవరు వేసేవాళ్ళు అన్నవి అక్కడే తెలుస్తాయి. రెండు వాడల్లో రెండు కథలు వస్తే రెండూ పక్కపక్కనే పెట్టండి. ఏది నిజమో తీర్పు చెప్పడానికి మనం పంచాయతీ చేయడం లేదు.

కోర్టులో నడుస్తున్న భూమి గొడవలు, పారిపోయిన పెళ్ళిళ్ళు, హత్యలు మాటల్లో దొర్లుతాయి. వినండి. కానీ వాటిని ప్రదర్శనలో గానీ పుస్తకంలో గానీ పెట్టొద్దు. సర్వే నంబర్లు అసలే వద్దు. మధ్యలో ఆగిపోయిందన్నానే, ఆ కార్యక్రమం ఆగింది ఇందుకే. ఒక ఇనాం భూమి గురించి పెద్దాయన చెప్పిన మాటను మేం అట్ట మీద రాసి పెట్టాం. మర్నాడు ఆయన కొడుకే వచ్చి గొడవపడ్డాడు.

ఏళ్ళు కట్టడం

పెద్దవాళ్ళు 1952 అని చెప్పరు. "గంజి కేంద్రాలు పెట్టిన ఏడు" అంటారు. అది 1952 రాయలసీమ కరువు. కాబట్టి అందరికీ తెలిసిన గుర్తులతో ఒక చార్టు రాసుకుని వెంట పెట్టుకోండి. కొండకు మొదటి ఘాట్ రోడ్డు 1944లో, రెండోది 1974లో. ఆంధ్ర రాష్ట్రం 1953లో. కరణం, మునసబు పదవులు పోయింది 1984లో. "రోడ్డు వచ్చాక పెళ్ళయిందా, ముందా?" "కరణం లేకుండా పోయాక కదా మొరవ మార్చారు?" ఇలా అడుగుతూ పోతే చాలావరకు ఐదేళ్ళ తేడాలో ఏడు దొరుకుతుంది.

తెలుగు సంవత్సరాల పేర్లతో ఒక చిక్కుంది. అవి అరవై ఏళ్ళకొకసారి తిరిగొస్తాయి. ధాత కరువు అంటే 1876లో మొదలైన పెద్ద కరువు. కానీ 1936లోనూ ధాత వచ్చింది, 1996లోనూ వచ్చింది. తాత చెప్పింది ఆయన చూసిన ధాతనా, ఆయన తాత చెప్పగా విన్నదా అని తప్పకుండా అడగాలి.

శాసనాల్లో శక సంవత్సరం ఉంటే 78 కలపండి. కృష్ణదేవరాయలు తిరుమలకు మొదటిసారి వచ్చిన శాసనంలో ఉన్నది శక 1434, అంగీరస సంవత్సరం. 78 కలిపితే 1512 వస్తుంది. కానీ ఆయన వచ్చింది ఫిబ్రవరిలో, ఇంగ్లీషు కొత్త ఏడాది మొదలయ్యాక, ఉగాది ఇంకా రాకముందు. కాబట్టి 1513. జనవరి నుంచి ఉగాది దాకా అయితే 79 కలపాలని గుర్తుపెట్టుకోండి. రాజు ఏలుబడిలో ఫలానా ఏడు అని మాత్రమే ఉంటే ఇంకా జాగ్రత్త. భోగ శ్రీనివాసమూర్తి వెండి విగ్రహాన్ని సామవై అనే రాణి సమర్పించిన శాసనంలో రాజు పద్నాలుగో ఏడు అని ఉంది. దాన్ని ఒకప్పుడు 614 అని లెక్కగట్టారు, తర్వాత 966 అన్నారు. మూడు వందల యాభై ఏళ్ళ తేడా! పండితులకే ఇంత చిక్కు ఉన్నచోట మనం అట్ట మీద ఒక అంకె రాసేముందు కాస్త ఆగడంలో తప్పులేదు.

రాళ్ళ దగ్గర

పొలం గట్టున, చెరువు కట్ట మీద కత్తి పట్టుకున్న మనిషి బొమ్మ చెక్కిన రాయి ఉంటే అది వీరగల్లు కావచ్చు. పలమనేరు, పుంగనూరు వైపు ఇవి ఎక్కువ. పశువుల్ని తోలుకుపోయినవాళ్ళతో పోరాడి పడిపోయినవాళ్ళ కోసం నిలిపిన రాళ్ళు వీటిలో చాలా ఉన్నాయి. చాలాచోట్ల వాటికి పసుపు, కుంకుమ పెట్టి పూజలు చేస్తారు. అవి ఊరివాళ్ళ దేవుళ్ళు. మీ పరిశోధన కోసం పసుపు కడిగేయకండి, అడిగి మాత్రమే ముట్టుకోండి.

అక్షరాలు కనబడటం లేదని సున్నం, ముగ్గుపిండి, చాక్‌పీసు, నూనె రుద్దడం రాయికి చెరుపు. మంచినీళ్ళు చల్లి, మెత్తటి గుడ్డతో అద్ది, పొద్దున ఎండ ఏటవాలుగా పడేటప్పుడు ఫోటో తీయండి. మధ్యాహ్నం ఎండలో అక్షరం కనబడదు. లేదా చీకటి పడ్డాక టార్చిని పక్క నుంచి, రాయికి దాదాపు ఆనించినట్టు పట్టుకోండి. తోడుగా ఊరి మనిషి ఉన్నప్పుడే సుమా! మొత్తం రాయిది ఒకటి, నాలుగు ముక్కలుగా దగ్గర్నుంచి నాలుగు, పక్కన స్కేలు పెట్టి ఒకటి. ఈ ఫోటోలను మైసూరులోని భారత పురావస్తు శాఖ శాసన విభాగానికి గానీ, శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో చరిత్ర, పురావస్తు పాఠాలు చెప్పేవాళ్ళకు గానీ పంపండి. తాళపత్రాలు దొరికితే 1939లో మొదలైన ప్రాచ్య పరిశోధన సంస్థ అదే విశ్వవిద్యాలయంలో ఉంది, వాళ్ళను అడగండి. పాత కాగితాలకు లామినేషన్, సెల్లోటేపు వేయొద్దు.

కాపలా లేని విగ్రహాలున్న చోటు లొకేషన్‌ను వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. కారణం పైన చెప్పాను.

నడక

ఇది అందరికీ నచ్చే భాగం, తక్కువ శ్రమ కూడా. ఫిబ్రవరిలో, పొద్దున ఆరున్నరకు మొదలుపెట్టండి. ఎనిమిదిన్నరకల్లా అయిపోవాలి. రెండు కిలోమీటర్లు దాటొద్దు. ఆరు చోట్ల ఆగాలి: తూము, పాత మొరవ, కపిల బావి, ఎండిపోయిన కాలువ ఇలా. ప్రతిచోటా మాట్లాడేది మీరు కాదు, ఆ చోటు గురించి చెప్పిన అవ్వో తాతో. ఐదు నిమిషాలు. నడవలేనివాళ్ళ గొంతును చిన్న స్పీకరులో వినిపించండి. చివర్న మజ్జిగ, వీలైతే ఊరిబిండి పచ్చడితో సంగటి. మేం పెట్టిన సంగటి కోసమే వచ్చామని కొందరు మొహం మీదే చెప్పారు, సంతోషం.

నాయకులెవరైనా వస్తామంటే నడవమనండి. ప్రసంగం మాత్రం లేదని ముందే చెప్పేయండి.

చూపించే రోజు

సేకరించిందంతా ఊరి ముందు పెట్టే రోజు ఇది. చాలామంది దీన్ని ముగింపు వేడుక అనుకుంటారు. నా లెక్కలో ఇది సగం పని మాత్రమే. తప్పులు బయటపడేది ఇక్కడే కాబట్టి దీన్ని చివరి వారంలో పెట్టకుండా రెండో నెల ఆఖర్న పెట్టండి. దిద్దుకోవడానికి ఇంకో నెల చేతిలో ఉండాలి.

బడి వరండాలో తాళ్ళు కట్టి, బట్టల క్లిప్పులతో ఫోటోలు, పటాలు, అట్టలు వేలాడదీయండి. అక్షరాలు పెద్దవిగా, ఒక్కో అట్టకు నాలుగు వాక్యాలకు మించకుండా. చదవడం రానివాళ్ళ కోసం పక్కన ఒక పిల్లవాడు నిలబడి చదివి చెప్పాలి. మాకు ప్రింట్లకూ, అట్టలకూ, మజ్జిగకూ కలిపి ఏడు వేల లోపే అయింది. ఊరివాళ్ళే తలా కొంత వేశారు. ఒక్కరి దగ్గర మొత్తం డబ్బు తీసుకోవద్దు. తీసుకుంటే వాళ్ళ తాత ఫోటో మధ్యలో పెట్టాలి.

ప్రతి అట్ట కింద ఖాళీ కాగితం, దారానికి కట్టిన పెన్ను. "తప్పుంటే రాయండి" అని పైన. మొదటి గంటలో ఎవరూ రాయరు. ఒకరు రాస్తే ఇక ఆగరు.

మా ప్రదర్శనలో 1960ల నాటి ఒక పెళ్ళి ఫోటో ఉంది. ఫోటో ఇచ్చిన ఇంటివాళ్ళు అందరి పేర్లూ చెప్పారు, చివర్న గిన్నె పట్టుకుని నిలబడ్డ ఆమె ఒక్కదాని పేరు తప్ప. "మా ఇంట్లో పనిచేసేది" అన్నారు. మేం అట్ట మీద అదే రాశాం. మధ్యాహ్నం వాడ నుంచి ఒక నడివయసు మనిషి వచ్చింది. ఆ ఫోటో ముందు చాలాసేపు నిలబడింది. చదివి చెప్పే పిల్లవాణ్ణి పిలిచి, "రాయి నాయనా, ఈమె మా అవ్వ" అని పేరు చెప్పింది. ఊళ్ళో సగం మందికి పురుడు పోసింది ఆమేనట. ఆ సాయంత్రానికి ఆ కాగితం కింద పదకొండు మంది తమ పేర్లు రాశారు, ఆమె చేతుల మీద పుట్టినవాళ్ళు. ఫోటో ఇచ్చిన ఇంటి పెద్దాయన పేరు కూడా అందులో ఉంది.

దాచడం

రికార్డింగులు మూడు చోట్ల ఉండాలి: ఒక హార్డ్ డిస్కు, ఒక ఆన్‌లైన్ ఖాతా, ఊళ్ళో ఎవరో ఒకరి పెన్‌డ్రైవ్. ఫైలు పేరు ముందు తేదీ, తర్వాత మనిషి, తర్వాత చోటు. "కొత్త రికార్డింగ్ 47" అని వదిలేస్తే ఏడాది తర్వాత మీకే తెలియదు.

దిద్దుబాట్లు అయ్యాక పదహారు పేజీల చిన్న పుస్తకం వేయండి. ఒక కాపీ బడికి, ఒకటి శాఖా గ్రంథాలయానికి, మాట్లాడిన ప్రతి ఇంటికీ ఒకటి. వాళ్ళ గొంతు రికార్డు కూడా వాళ్ళ పిల్లల ఫోనులోకి పంపండి. అనుమతి ఉన్న ఫోటోలు వికీమీడియా కామన్స్‌లో పెడితే తెలుగు వికీపీడియాలోని మీ ఊరి పేజీకి పనికొస్తాయి.

పుస్తకం చివర్న రెండు పేజీలు గీతలు గీసి ఖాళీగా వదలండి. మా గ్రంథాలయం కాపీలో ఆ రెండు పేజీలూ నిండిపోయి, ఎవరో నోటుబుక్కు కాగితం చించి పిన్ను కొట్టి పెట్టారు. అందులో ఉన్నది ఒక్క వాక్యం: "తూము పక్కన ఉన్నది రావిచెట్టు కాదు, జువ్విచెట్టు."